మార్తమ్మ బాతులు

"కష్టంలో ఉన్నవాళ్ళ చేత దేవునికి కృతజ్ఞత చెప్పించడం ఎలాగండి అయ్యగారూ?"

అహరోను ఈ ప్రశ్న అడిగింది సంఘకాపరి జెకర్యా అయ్యగారి వసారాలో నిలబడి. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. ముఖం చిన్నబోయి ఉంది. సేవ నేర్చుకోవడానికి అతను అయ్యగారి దగ్గర చేరి ఏడాది కావస్తోంది. గొంతు మంచిది, జ్ఞాపకశక్తి అంతకంటే మంచిది. ఎవరింట్లో ఏ మాట చెప్పాలో తడుముకోవలసిన అవసరం అతనికి ఎన్నడూ రాలేదు. ఆ ఉదయమే మొదటిసారి అతని మాట ఎదురుతన్ని తిరిగొచ్చింది.

కొల్లేటి ఒడ్డున ఉన్న ఆ ఊరి మీద ముందటి రాత్రి గాలివాన విరుచుకుపడింది. సంఘంలో మార్తమ్మ అనే విధవరాలుంది. బాతుల మందే ఆమె బతుకు. పగలంతా కోసిన చేలల్లో మేపుకొచ్చి, పొద్దుగూకే వేళకు మురుగు డ్రైను గట్టు మీద వల కట్టిన దడిలోకి తోలుకునేది. గాలికి ఆ దడి కూలింది. డ్రైను పొంగి గట్టెక్కింది. తెల్లవారి చూస్తే బురదా, ఈకలూ తప్ప ఏమీ లేవు.

కబురు వినగానే అహరోను పరుగున వెళ్ళాడు. అందులో అతన్ని తప్పు పట్టడానికి లేదు. కూలిన దడి పక్కన చతికిలబడి ఉన్న మార్తమ్మకు, మేలు జరిగినా కీడు జరిగినా దేవునికి కృతజ్ఞత చెల్లించాలని చక్కగా విడమరచి చెప్పాడు. "ఇద్దరం కలిసి స్తోత్రం చెబుదాం అమ్మా, భారం దిగిపోతుంది," అన్నాడు కూడా. ఆమె తలెత్తి అతని వైపు చూసింది. "నువ్వు చెప్పుకో బాబూ. పోయినవి నీ బాతులు కావుగా," అని లేచి, గట్టు వెంట గబగబా నడిచిపోయింది.

"అంత మాట అనేసిందండీ," అన్నాడు అహరోను. "ఒక్క ఆదివారం మానకుండా మందిరానికి వచ్చే మనిషి!"

అయ్యగారు తాగుతున్న గంజి గ్లాసు కింద పెట్టారు. "బాతులు ఎటు కొట్టుకుపోయాయట?"

అహరోను గట్టు వైపు వెనక్కి తిరిగి చూశాడు. ఆ సంగతి అతను అడగనే లేదు.

అయ్యగారు వెంటనే లేచారు. డెబ్బై ఏళ్ళ మనిషి, పంచె మోకాళ్ళ పైకి ఎగ్గట్టి, చెప్పులు వసారాలోనే వదిలేసి, వానలోకి దిగిపోయారు. అహరోను ఆయన వెనక పడ్డాడు. గట్టు మీద కాలు పెడితే జారుతోంది. ఎడమ పక్క డ్రైను ఎర్రగా, ఒరుసుకుంటూ, గుర్రపుడెక్క మొక్కల్ని గంపలు గంపలుగా మోసుకుపోతోంది. మైలు దూరం నడిచాక మార్తమ్మ కనిపించింది. చీర కుచ్చెళ్ళు దోపుకుని నీటి అంచున నిలబడి, రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుని పిలుస్తోంది.

"బా... బా... బా... బా!"

ఆమె చూస్తున్న వైపు అహరోను చూశాడు. డ్రైను నడిమధ్య ఒక తుమ్మచెట్టు వేళ్ళతో సహా అడ్డంగా పడి ఉంది. దానికి తట్టుకుని గుర్రపుడెక్క ఒక దిబ్బలా పోగుపడింది. ఆ దిబ్బ కదులుతోంది! కళ్ళు చికిలించి చూస్తే, కదిలేది దిబ్బ కాదు, బాతులు. వందల బాతులు, ఒకదాని మీద ఒకటి ఒరిగి, మెడలు నిక్కించి, గోల పెడుతున్నాయి.

"ఉన్నాయి అయ్యగారూ! ఉన్నాయి!" అహరోను ఎగిరి గంతేశాడు.

"ఎంతసేపు ఉంటాయి?" అంది మార్తమ్మ. ఆమె గొంతు అప్పటికే జీరబోయింది. "చెట్టు ఊగుతోంది చూడండి. అది జరిగిందా, దిబ్బ తేలి ఆ దిగువనున్న వంతెన కింద నుంచి కొల్లేట్లో పడుతుంది. అక్కడ చెల్లాచెదురైపోతే ఇక నాకు దొరకవు. నా పిలుపు వింటున్నాయి గానీ, ఆ వడికి ఎదురీది రాలేకపోతున్నాయి."

"దోనె ఉంటే?" అన్నారు అయ్యగారు.

ఆమె వంతెన వైపు చూసి ముఖం తిప్పుకుంది. ఆ దరిదాపుల్లో దోనె ఉన్నది ఒక్క పెద్దిరాజుకే. వంతెన పక్కనే అతని చేపల చెరువు. నిరుడు మార్తమ్మ మంద ఆ చెరువులోకి దిగి చేపపిల్లల్ని మింగేసిందని ఇద్దరికీ పెద్ద తగువైంది. అప్పటి నుంచి ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం లేదు.

"నేను అడగను," అంది మార్తమ్మ.

"నేనడుగుతా," అని అహరోను అప్పటికే పరుగందుకున్నాడు. రెండు చోట్ల జారి పడ్డాడు, లేచాడు. పెద్దిరాజు తన చెరువు గట్టుకు పడిన గండిలో మట్టి బస్తాలు వేస్తున్నాడు. రొప్పుతూ అహరోను చెప్పినదంతా విని నడుం మీద చెయ్యి వేసుకున్నాడు.

"ఏ బాతులు? నా చేపపిల్లల్ని తిన్నవేనా?"

"అవేనండి," అన్నాడు అహరోను. ఇంకేం చెప్పాలో అతనికి ఒక్క ముక్క తోచలేదు. "దయచేసి రండి."

పెద్దిరాజు డ్రైను వైపు ఒకసారి చూశాడు. చేతిలోని బస్తా గండిలోకి విసిరేసి, "వల పట్టుకురా! ఆ పాకలో ఉంది, పెద్దది! నించుని చూస్తావేం, కదులు!" అని అరుస్తూ దోనె కట్టు విప్పాడు.

ఆ తరువాత జరిగినదంతా చిటికెలో జరిగినట్టే ఉంటుంది అహరోనుకు, ఎప్పుడు తలచుకున్నా. వంతెనకు ఇవతల, గేదెలు నీళ్ళకు దిగే వాలు దగ్గర డ్రైనుకు అడ్డంగా వల కట్టాలన్నాడు పెద్దిరాజు. ఇవతలి కొస ఒడ్డునున్న ఒక తుమ్మ మొద్దుకు చుట్టి అయ్యగారు పట్టుకున్నారు. అవతలి ఒడ్డున కట్టడానికి ఏమీ లేదు. పెద్దిరాజు అహరోనును దోనెలో అవతలికి దాటించి, రెండో కొస చేతికిచ్చి, నడుం లోతు నీళ్ళలో నిలబెట్టాడు. "ప్రాణం పోయినా వదలకు!" అని గెడ వేసుకుంటూ చెట్టు వైపు ఎగువకు వెళ్ళాడు. మార్తమ్మ వాలులోకి దిగి, మళ్ళీ పిలవసాగింది.

దోనె ఇంకా చెట్టు దగ్గరికి చేరనే లేదు, పెళపెళమని చప్పుడైంది. చెట్టు తిరిగింది. దిబ్బ ఊడింది.

అది తన మీదికి వస్తుంటే అహరోనుకు ఊరు కదిలి వస్తున్నట్టనిపించింది. పచ్చటి దిబ్బ, దాని మీద బాతుల కేకలు, వెనక పెద్దిరాజు గెడతో నీళ్ళు బాదుతూ అదిలింపులు! వల బిగిసింది. వల తాడు అరచేతుల్లోంచి జారింది. మణికట్టుకు రెండు చుట్లు చుట్టి, మడమలు బురదలో దిగేసి వెనక్కి వాలాడు. తాడు కోసుకుపోతోంది. బాతులు వలకు కొట్టుకుని, అతని భుజాల మీదికీ తల మీదికీ ఎగబడ్డాయి. ఒక గుంపు వల కిందుగా మునిగి అవతల తేలి, వంతెన కిందికి పోయింది. ఇంకో గుంపు కూడా.

"పోతున్నాయి! అమ్మా, పిలువమ్మా!" అని గొంతు చించుకున్నాడు అహరోను.

"బా... బా... బా!"

గొంతు పగిలిపోయిన ఆ పిలుపుకు ఒక ఎర్రబాతు మెడ తిప్పింది. వల వెంబడే అడ్డంగా ఈదడం మొదలుపెట్టింది. దాని వెనక ఇంకొకటి. దాని వెనక పది. ఆపైన మందంతా ఒక్కసారిగా తాడు లాగినట్టు వాలు వైపు మళ్ళింది!

"స్తోత్రం!" అని కేక పెట్టాడు అహరోను. "వస్తున్నాయి, స్తోత్రం తండ్రీ! ఇటు కాదే పిచ్చిదానా, అటు పో! స్తోత్రం! అయ్యగారూ చూశారా, స్తోత్రం!" నోట్లోకి మురుగునీళ్ళు పోతున్నా, తల మీద బాతు రెక్కలు కొట్టుకుంటున్నా, నవ్వుతూ ఏడుస్తూ అతను కేకలు పెడుతూనే ఉన్నాడు. వాలులో నిలబడ్డ మార్తమ్మ అతన్ని చూసి, ఆ రోజుకు మొదటిసారి నవ్వింది.

మందలో మూడింట ఒక వంతు కొల్లేటి పాలైంది. మిగిలినవి మార్తమ్మ కాళ్ళ చుట్టూ చేరి, ఏమీ జరగనట్టు ఈకలు సర్దుకున్నాయి. ఆమె బురదలోనే మోకాళ్ళ మీద కూర్చుంది. ప్రార్థన చేయబోతోందని గ్రహించి, అప్పటికి పెద్దిరాజు దోనెలో ఇవతలికి చేరిన అహరోను ముందుకు వచ్చాడు, తానే చేద్దామని. అయ్యగారు అతని మోచెయ్యి పట్టుకుని ఆపారు.

"తండ్రీ," అంది మార్తమ్మ, "పోయినవాటికి నా కడుపు రగిలిపోతోంది. లేదని నీ దగ్గర బొంకను. ఇవి నిలిచాయి. నా ముఖం చూడని మనిషి నా కోసం దోనె వేసుకొచ్చాడు. నీకు స్తోత్రం, తండ్రీ, స్తోత్రం." అంతే. కాస్త ఎడంగా నిలబడ్డ పెద్దిరాజు తలకు చుట్టిన తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు.

ఆమె లేచి అతని దగ్గరికి వెళ్ళింది. "పెద్దిరాజూ, నీ మేలు మరిచిపోను. ఇంటికొచ్చి అన్నం తిని వెళ్ళు."

"అన్నానికేం గానీ అక్కా, ఇవి మళ్ళీ నా చెరువులో దిగితే మాత్రం..."

"దిగితే అప్పుడు పోట్లాడుకుందాం. ఇప్పుడు తిందువుగాని రా. ముందు నీ గండికి బస్తాలు వేద్దాం పద."

నలుగురూ కలిసి బస్తాలు వేశారు. నలుగురూ కలిసి మార్తమ్మ ఇంట వేడన్నం, ఎండుచేపల పులుసు తిన్నారు. అహరోను రెండుసార్లు మారు వడ్డించుకున్నాడు.

తిరిగి వచ్చే దారిలో వాన వెలిసింది. అహరోను ఉండబట్టలేక అడిగాడు. "అయ్యగారూ, పొద్దున నేనడిగినదానికి మీరు జవాబు చెప్పనేలేదు."

"కష్టంలో ఉన్నవాళ్ళ చేత కృతజ్ఞత చెప్పించడం ఎలాగనే కదూ?"

"అవునండి."

అయ్యగారు నడక ఆపి, అతని మణికట్టు పైకెత్తి చూశారు. తాడు కోసిన చోట తోలు లేచి నెత్తురు చెమ్మగిల్లుతోంది.

"ఇంత కోసుకుపోతుంటే డ్రైనంతా మారుమోగేలా స్తోత్రం, స్తోత్రమని అరిచావు," అన్నారు. "నీ చేత ఎవరు చెప్పించారు నాయనా?"