పూత కింద ఎముక

విశాలకు ఆ జంతువు ముఖం కంటిమీద కునుకు పడనివ్వడం లేదు. అసలు ముఖమంటూ దొరికితేగా! ప్రాణహిత ఒడ్డున ఎర్రరాతిలో దొరికింది ఎడమ దవడలో బెత్తెడు ముక్క, దానికి అరిగిన కోర ఒకటి. కోట్ల ఏళ్ళ కిందటిదట, పాలిచ్చే జంతువులకు దూరపు చుట్టమట, మాంసం తినేదట. లోకం మొత్తానికి దాని ఆనవాలు ఆ ముక్కే.

"ఇంత ముక్క పెడితే జనం నవ్విపోరూ?" అని గొణుక్కుంటూ, మ్యూజియం తెరిచే రోజు దగ్గరపడేసరికి తలకాయంతా ప్లాస్టర్‌తో కట్టేసింది. అరిగిన కోర ఏం అందమని దానిమీదా ప్లాస్టర్ వేసి కత్తిలా సాగదీసింది. ఎముక రంగు రావాలని టీ డికాషన్ పూసింది. పైన వార్నిష్ కొట్టింది. అతుకన్నది కనబడితే ఒట్టు.

తెల్లారితే జనం వస్తారనగా, పని నేర్పిన హైమవతి మేడం వచ్చారు. చుట్టూ తిరిగి చూశారు.

"అబ్బో! నాకే భయమేస్తోందే."

విశాల పొంగిపోయింది.

"సరే గానీ, నేల ఇచ్చింది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో వేలితో గీసి చూపించు."

విశాల వేలు ధీమాగానే దవడ మీదికి వెళ్ళింది. ఆగింది. వెనక్కి వచ్చింది. మళ్ళీ ముందుకు పాకింది.

నాలుక ఆనిస్తే రాయి అయితే జారుతుంది, పాత ఎముకైతే నాలుకను పట్టుకుంటుంది. మేడం నేర్పిన మొదటి పరీక్ష అది. విశాల సిగ్గు విడిచి దవడకు నాలుక ఆనించింది. వార్నిష్ చేదు. పక్కన ఆనించింది. అక్కడా చేదే.

"చాల్లే, ఆవు దూడను నాకినట్టు!"

"మేడం... ఉన్నది ఆ ఒక్కటే. దాన్నీ నేనే పోగొట్టాను."

మేడం స్పిరిట్‌లో దూది తడిపి ఒక ఉండ ఆమె చేతికిచ్చారు. తను ఇంకోటి తీసుకుని, సరిగ్గా ఆ అందమైన కోర దగ్గరే మొదలుపెట్టారు.

రంగు కారింది. తెల్లటి ప్లాస్టర్ బయటపడింది. దాన్ని సూదితో పొడి పొడిగా గీకారు.

"రేపు జనం, ఇంతేనా అంటే?" విసురుగా అడిగింది విశాల.

"ఇంతే అను. నాలుక తిరగదా?"

గీకగా గీకగా దవడ ఎముక అంచులు తేలాయి, కోర కనబడింది. మొద్దుబారి, ఓ పక్క పెచ్చు ఊడి, జీవితమంతా కొరికి కొరికి అలిసిన కోర. విశాల సూది పక్కన పెట్టింది.

మేడం చేతులు కడుక్కోవడానికి వెళ్ళారు. విశాల ఆ ఎముక ముక్కను ఉఫ్‌మని ఊది ఆరబెట్టి, మెల్లగా నాలుకకు ఆనించింది.

పట్టుకుంది.