నూకాలు నోట్లో మట్టి

చెరుకుతోటను ఆనుకుని ఒక పశువుల పాక ఉండేది. అందులో జంతువులు మనకంటే ఎక్కువ కబుర్లు చెప్పుకునేవి, నమ్మితే నమ్మండి లేకపోతే లేదు. అక్కడ నూకాలు అని ఒక పెట్టకోడి. మనసు మంచిదే గానీ గుండె మహా పిరికిది, ఆకు రాలినా ఉలిక్కిపడుతుంది. పైగా ఆ ఏడు పొదిగిన పదకొండు గుడ్లూ మురిగిపోయాయి పాపం. అప్పట్నుంచీ పాకలో ఎవరైనా పిల్లల ముచ్చట్లు మొదలుపెడితే తల దించుకుని పక్కకు తప్పుకునేది.

అలాంటి నూకాలుకి ఒకరోజు బొల్లిమేక తన అయిదు రోజుల పిల్లను అప్పగించింది. మేకకి పాలు సరిగా దిగడం లేదు, గట్టు మీద కాసేపు మేసి వస్తే తప్ప లాభం లేదు. పిల్లను గంప కింద మూసిపెట్టి, "దీని మీదే కూర్చో వదినా. ఎవరొచ్చినా దిగకు. మధ్యాహ్నానికల్లా వచ్చేస్తా" అని వెళ్ళిపోయింది.

నూకాలు గంపెక్కి కూర్చుంది. సందులోంచి ఒక కన్ను పెట్టి చూసింది. పిల్ల ఊపిరి తీస్తోందా? తీస్తోంది. ఒక్క క్షణం ఆగి మళ్ళీ చూసింది. ఆకలేస్తోందేమోనని నాలుగు బియ్యపు గింజలు లోపలికి జారవిడిచింది. పిల్ల వాటి వంక చూడనైనా చూడలేదు. అయిదు రోజులైనా ఒక్క ఈకా మొలవలేదే, ఇదేం పిల్లో అని బెంగ పెట్టుకుంది. ఇంతలో పిల్లకి ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. ఎంతకీ ఆగవు. నూకాలు గంప మీదే అటూ ఇటూ తిరగసాగింది.

ఆ ఎక్కిళ్ళు ఇంకో చెవిన కూడా పడ్డాయి. చెరుకుతోటలో గుంటనక్క జంబయ్య కాపురం. లేత మేకపిల్ల వాసన అయిదు రోజులుగా వాడిని కుదురుగా ఉండనివ్వడం లేదు. మీదపడి ఎత్తుకుపోదామా అంటే, కోడి ఒక్క అరుపు అరిస్తే చాలు, గడ్డివాము వెనక కునుకు తీస్తున్న కుక్క గంగులు లేచి వస్తాడు. కాబట్టి ముందు కోడి నోటికి ఏదో ఒక పని కల్పించాలి.

జంబయ్య వచ్చి కంచె అవతలే నిలబడ్డాడు. నూకాలు అరవబోయేంతలోనే, తాను లోపలికి అడుగుపెట్టనని, పసిదాని అవస్థ విని మనసాగక వచ్చానని, ఏడుగురు పిల్లల్ని పెంచినవాడినని గడగడా చెప్పేశాడు. మెడ సాచి గంపలోకి చూసి నాలుక కరుచుకున్నాడు.

"దిష్టమ్మా ఇది. బుగ్గన కాటుక చుక్కైనా పెట్టలేదేం? నీకైతే పిల్లల సంగతి కొత్త, ఆ తల్లికైనా తెలియొద్దూ?"

ఆ 'కొత్త' అన్నమాట నూకాలుకి ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. పదకొండు గుడ్లు పోగొట్టుకున్నది చాలక పక్కవాళ్ళ బిడ్డను కూడా పొట్టన పెట్టుకుందని పాకంతా అనుకుంటుంది కదా అని హడలిపోయింది.

"ఏం చెయ్యమంటావు మామా?"

"బిడ్డను చూసినవాళ్ళ కాలి కింద మట్టి నోట పట్టుకుని, గంప చుట్టూ మూడుసార్లు తిరిగి, మూడు దారులు కలిసేచోట పారబోసి రా. దారిలో నోరు విప్పకూడదు. వెనక ఏం వినబడ్డా తిరిగి చూడకూడదు."

నూకాలు అమ్మమ్మ కూడా అచ్చం ఇలాగే చెప్పేది. అందుకే నమ్మేసింది. "మరి నువ్వూ చూశావుగా మామా" అని నసిగింది. జంబయ్య దర్జాగా కంచె కిందనుంచి కాలు చాపి, ఎంత కావాలంటే అంత తీసుకోమన్నాడు.

నూకాలు ఆ మట్టి, తన కాలి కింద మట్టి నోట నింపుకుని, మూడు చుట్లు తిరిగి బయల్దేరింది. పది అడుగులు వేసిందో లేదో గుర్తొచ్చింది, పొద్దున్న గంగులు కూడా వచ్చి పిల్లను చూసి వెళ్ళాడని. ఒక్కరి మట్టి తక్కువైనా దిష్టి పోదని అమ్మమ్మ మరీ మరీ చెప్పింది. భయస్తులతో ఇదే చిక్కు, ఏ పనీ అరకొరగా చెయ్యలేరు. దారి మార్చి గడ్డివాము వెనక్కి నడిచింది. జంబయ్య అదేమీ చూసుకోలేదు. కంచె దూరి వచ్చి, గంప అంచు కింద మూతి దూర్చే పనిలో పడ్డాడు.

గంగులు గురకపెడుతున్నాడు. నూకాలు మెల్లగా వంగి వాడి కాలి దగ్గర మట్టి గీరుతోంది. సరిగ్గా అప్పుడే వెనకనుంచి పిల్ల 'మే' అని అరిచింది. ఆకలి అరుపు కాదది. పిల్లలే లేని నూకాలుకి కూడా ఆ తేడా తెలిసిపోయింది.

నోరు విప్పితే దిష్టి పోదు. వెనక్కి చూస్తే బిడ్డకు కీడు. విప్పకపోతే? ఇక ఆలోచించలేదు. గిరుక్కున వెనక్కి తిరిగి గొంతు చించుకుని అరిచింది. నోట్లోని మట్టంతా గంగులు ముక్కు మీద పడింది.

గంగులు తుమ్ముతూ లేచాడు. మళ్ళీ ఒకసారి ముక్కు ఎగపీల్చాడు. "ఇది నక్క కాలి మట్టి కదే" అన్నాడు, అంటూనే పరుగు తీశాడు.

అప్పటికి జంబయ్య తల గంప లోపల, తోక బయట ఉన్నాయి. గంగులుకి బయట ఉన్నదే అందింది. సగం తోక పాకలో వదిలేసి, గంప మెడలో వేసుకుని జంబయ్య చెరుకుతోటలోకి దూరిపోయాడు.

మేక తిరిగొచ్చేసరికి పిల్ల నూకాలు రెక్క కింద ఉంది. రెక్క కింద పట్టింది తల ఒక్కటే అనుకోండి. నూకాలు ఏడుస్తూ జరిగిందంతా దాచకుండా చెప్పింది. గంప దిగడం తన తప్పేనంది, ఇక తనకెవరూ పిల్లల్ని అప్పగించొద్దంది.

మేక పిల్లను నాకుతూ అంతా వింది. "దిష్టీ లేదు ఏమీ లేదు. ఆత్రంగా పాలు తాగింది, ఎక్కిళ్ళొచ్చాయి. రేపు వేరే గంప చూస్తాను వదినా. దాని మీదైనా దిగకుండా కూర్చో."

అటు చెరుకుతోటలో, తోక ఏమైందని తోటి నక్కలు అడిగితే, దిష్టి తగిలిందని చెప్పాడట జంబయ్య.

నీతి: పసిబిడ్డను చూసుకునేవాళ్ళు ఎవరేం చెప్పినా వినొచ్చు గానీ, బిడ్డ అరిస్తే మాత్రం వెనక్కి తిరిగి చూడాల్సిందే.