గిజిగాడు బిగించిన కంప్యూటర్

అనగనగా ఒక అడవిలో, వాగు మలుపు తిరిగే చోట, చెవులమ్మ అనే కుందేలు పిల్లలతో కాపురం ఉండేది. పోయిన ఏడాది వానలకు వాగు పొంగి ఆమె బొరియ నిండా నీళ్లొచ్చాయి. పిల్లల్ని ఒక్కొక్కరినే నోట కరుచుకుని గట్టు మీదికి చేర్చేసరికి ఆమె ప్రాణం పోయినంత పనైంది. అందుకని బొరియల వాళ్లంతా ఒక మాట అనుకున్నారు. పైన కొండల్లో వాన పడితే ముందే కబురు చూపించే కంప్యూటర్ ఒకటి కావాలి. తెచ్చే బాధ్యత చెవులమ్మకే అప్పగించారు.

సంతలో కోతి కొమ్మయ్యకు కంప్యూటర్ల కొట్టు ఉంది. ఉన్నది ఉన్నట్టు చెప్పే రకం.

"తయారుగా ఉన్నది తీసుకెళ్తే ఈ సాయంత్రమే పనిచేస్తుంది తల్లీ. కానీ మూతకు సీలు ఉంటుంది. ఆగిపోతే మీరు విప్పకూడదు, పట్నం పంపాలి. విడి భాగాలు తీసుకుని మీరే బిగించుకుంటే ఆలస్యమవుతుంది, తలనొప్పీ ఉంటుంది. కాకపోతే లోపల ఏముందో మీకు తెలుస్తుంది" అన్నాడు.

చెవులమ్మ మనసు తయారుగా ఉన్నదాని మీదికే పోయింది. వెంట వచ్చిన గిజిగాడు నారయ్య ఊరుకోలేదు. తన జన్మలో ఇంకొకరు కట్టిన గూట్లో పడుకోలేదని, విడి భాగాలు ఇప్పిస్తే తానే బిగిస్తానని అన్నాడు. చెవులమ్మ ఆలోచించింది. వాగు పొంగే రోజున అది ఆగిపోతే, పట్నం పంపి ఎదురుచూస్తూ కూర్చోగలమా? మబ్బులు ఇంకా దూరంగానే ఉన్నాయి. మనసు గట్టి చేసుకుని విడి భాగాలే తీసుకుంది.

గట్టు మీది గుహలో నారయ్య పని మొదలుపెట్టాడు. చెవులమ్మకు కాలు నిలవలేదు. రోజూ వచ్చి పక్కనే కూర్చుని, ఇదేమిటి, అదెందుకు అని అతన్ని విసిగించేది.

మొదటిసారి స్విచ్చి వేస్తే తెర వెలగలేదు. మెమరీ ముక్క సరిగా కూర్చోలేదు. మళ్లీ నొక్కితే టక్కుమని కూర్చుంది.

రెండోసారి వెలిగింది. చెవులమ్మ పిల్లల్ని పిలిచేలోపే ఆగిపోయింది. డబ్బా పొయ్యిలా కాలుతోంది.

"మామా, దీని మీద రొట్టెలు కాల్చుకోవచ్చు" అంది చెవులమ్మ.

నారయ్య ముఖం ముడుచుకున్నాడు. ఎంత వెతికినా తప్పు దొరకలేదు. కొమ్మయ్యను అడుగుదామంటే, గూడు కట్టడం గురించి గిజిగాడు పోయి కోతిని అడగాలా అన్నాడు.

"వాగులో మునిగేది నీ పరువు కాదు మామా. నా పిల్లలు" అంది చెవులమ్మ.

నారయ్య వెంటనే రెక్కలు విప్పాడు. ఎగిరి వెళ్లి కొమ్మయ్యను వెంటబెట్టుకొచ్చాడు.

కొమ్మయ్య డబ్బా చుట్టూ తిరిగి చూశాడు. గాలి ఆడాల్సిన కంతలన్నిటినీ నారయ్య గడ్డిపోచలతో చక్కగా అల్లి మూసేశాడు. గూడన్నాక గాలి దూరకూడదని అతని అలవాటు మరి.

"నీ గూడు వెచ్చగా ఉండాలి నారయ్యా. దీని గూడు చల్లగా ఉండాలి" అన్నాడు కొమ్మయ్య నవ్వుతూ.

ముగ్గురూ కలిసి పోచలు పీకేశారు. మూడోసారి స్విచ్చి వేస్తే తెర మీద కొండలు, మబ్బులు కనబడ్డాయి. పిల్లలు గంతులేశారు.

వానాకాలం వచ్చింది. ఒక సాయంత్రం ఇక్కడ చినుకైనా లేదు కానీ కొండల వైపు ఆకాశం నల్లబడింది. చెవులమ్మ పరుగున వెళ్లి చూస్తే కంప్యూటర్ ఆగిపోయి ఉంది. నారయ్య మేతకు వాగు అవతలికి వెళ్లాడు. కొమ్మయ్య కొట్టు చాలా దూరం.

డబ్బా మీద చెయ్యి వేసింది. కాలుతోంది. అంటే లోపల గాలి ఆడటం లేదన్నమాట. ముందు స్విచ్చి ఆపింది. తీగ పీకింది. మూత విప్పింది. లోపల అన్నీ తెలిసినవే. ఫ్యాను రెక్కలకు మాత్రం ఒక గడ్డిపోచ చుట్టుకుని ఉంది, ఆ రోజు పీకగా మిగిలిపోయింది. పళ్లతో మెల్లగా లాగేసింది. డబ్బా చల్లబడేదాకా ఓపిక పట్టి, మూత బిగించి, తీగ మళ్లీ తగిలించి, స్విచ్చి వేసింది.

తెర మీద కొండలన్నీ వానలో మునిగి ఉన్నాయి.

పొద్దుగూకేలోపు బొరియల వాళ్లంతా గట్టు మీదికి చేరారు. ఈసారి పిల్లలు తల్లి వెనక ఆడుకుంటూ నడిచి వచ్చారు. ఆ తర్వాత వాగు పొంగింది. దానికి దొరికినవి ఖాళీ బొరియలే.

తడిసి ముద్దై వచ్చిన నారయ్య, డబ్బా మూత చూసి ఎవరు విప్పారని అడిగాడు.

"నువ్వు బిగిస్తుంటే పక్కన కూర్చుని విసిగించిందెవరు మామా?" అంది చెవులమ్మ. "ఇదిగో నీ గడ్డిపోచ. గూటికి పనికొస్తుంది."

నీతి: తయారైనది కొనుక్కోవడం తప్పు కాదు పిల్లలూ. కానీ వ్యవధి ఉన్నప్పుడు, తెలియనిది సిగ్గుపడకుండా అడిగి, మన చేతులతో చేసుకుంటే, ఆపద వేళ ఆ వస్తువును బాగుచేసుకోవడమూ మనకే తెలుస్తుంది.