సముద్రం దాచిన దుప్పటి

అనగనగా ఒక అడవిలో అని మొదలుపెడదామంటే, ఈ కథ జరిగిన చోట ఒక్క చెట్టు కూడా లేదు. పైన ఆకాశం, కింద మంచు, మంచు కింద సముద్రం. అంతే. భూమికి దక్షిణపు కొసన ఉంది ఆ చోటు. అప్పట్లో లోకమంతా చలికి వణికేది. ఆ కాలాన్నే మనం మంచుయుగం అంటాం.

ఆ మంచు మీద ఒక పెంగ్విన్ల గుంపు ఉండేది. అందులో ఒక తల్లి పెంగ్విన్ ఏది చూసినా ఎందుకు అని అడిగేది. అందుకని దానికి ఎందుకమ్మ అనే పేరు పడిపోయింది. నిరుడు అది పెట్టిన గుడ్డు చలికి పగిలిపోయింది. ఈ ఏడు పుట్టిన పిల్ల పేరు చిట్టు. చిట్టు అంటే తల్లికి ప్రాణం.

చిట్టుకు చేపలు తేవాలంటే మంచు అంచు దాకా నడవాలి. ఏటికేడు మంచు పెరుగుతోంది, అంచు దూరమవుతోంది. పొట్టలో దాచుకుని తెచ్చిన చేపలు దారిలోనే సగం అరిగిపోయేవి. చిట్టు బక్కచిక్కిపోతోంది.

గుంపు పక్కనే మంచులో ఒక కన్నం ఉంది. అది ఒక ముసలి సీల్‌ది. సీల్ నీళ్ళలో బతికినా ఊపిరికి పైకి రావాలి కదా. కన్నం గడ్డకట్టకుండా అది రోజూ అంచుల్ని పళ్ళతో కొరికేది. కొరికి కొరికి పళ్ళు అరిగిపోయాయి. పెంగ్విన్లు దాన్ని పళ్ళత్త అని పిలిచేవి.

ఆ కన్నంలోంచి ఎప్పుడూ తెల్లగా ఆవిరి లేచేది. ఒకరోజు గుంపు పెద్ద బొజ్జయ్య దాన్ని చూసి, "దొరికింది. చలి పుట్టేది ఇక్కడే. ఎలా పొగలు కక్కుతోందో చూడండి. దీన్ని పూడ్చేస్తే సరి" అన్నాడు.

"ఎందుకు? చలి అందులోంచే వస్తోందని ఎవరు చెప్పారు?" అంది ఎందుకమ్మ.

"ఇదిగో, మొదలుపెట్టింది" అని మిగతావన్నీ నవ్వాయి.

"నేను చేపలకు వెళ్తున్నాను. దారిలో తెలిసినవాళ్ళను అడిగి వస్తాను. అందాకా ఆగండి."

"సరే సరే, త్వరగా రా" అన్నాడు బొజ్జయ్య. ఆయన ఆగే రకమేనా? చూద్దాం.

దారిలో ఎందుకమ్మకు, గాలి మీద తేలుతూ దూరదూరాలు ఎగిరే గాలిపిట్ట కనిపించింది. "పిట్టమ్మా, లోకమంతా తిరుగుతావు కదా. ఇంత చలి ఎందుకు?" అని అడిగింది.

"ఎండ కాస్త తగ్గింది, నిజమే. కానీ అదొక్కటే కాదు" అంది పిట్ట. "భూమికి గాలే దుప్పటి. ఆ గాలిలో వెచ్చదనాన్ని పట్టి ఉంచే సరుకొకటి ఉంది. దాని పేరు బొగ్గుపులుసు వాయువు. మనం ఊపిరి వదిలితే బయటికొచ్చేది అదే. అది తగ్గిపోయి దుప్పటి పలచబడింది. ఎక్కడికి పోయిందో తెలీదు. అడవుల మీద ఎగిరి చూశాను, అక్కడా లేదు."

మంచు అంచుకు చేరగానే ఎందుకమ్మ ఒక రొయ్యను ముక్కున పట్టింది. మింగబోతూ ఆగి, వదిలిపెట్టి, గాలిలోని ఆ సరుకు ఎక్కడికి పోయిందని అడిగింది.

"చెప్తాను, కానీ నన్ను తినకూడదు" అని మాట తీసుకుంది రొయ్య. "మేం తినేది నీళ్ళలోని సన్నటి నాచు. ఆ నాచు పెరిగేది నువ్వడిగిన సరుకుతోనే. చచ్చిన నాచు కొంత అడుక్కి మునుగుతుంది, సరుకూ దాంతోపాటే పోతుంది. పైగా నీళ్ళు చల్లబడేకొద్దీ ఇంకా ఎక్కువ మింగుతాయి. అడుగున ఏమవుతుందో మాకు తెలీదు."

మాట ఇచ్చింది కాబట్టి ఎందుకమ్మ ఆ రొయ్యను తినలేదు. పక్కదాన్ని తింది.

అప్పుడే ముసలి తిమింగలం ఊపిరి కోసం పైకి తేలింది.

"తాతా, సముద్రం అడుగున ఏముంది?"

"నీ దుప్పటే ఉంది తల్లీ" అంది తిమింగలం. "తరతరాలుగా సముద్రం దాన్ని లోపల దాచుకుంటోంది. అడుగునీళ్ళు పైకి వచ్చి గాలిని తాకితే గానీ అది బయటపడదు. మీరు నిలబడ్డ మంచే దానికి మూత."

"మరి పళ్ళత్త కన్నం?"

"ఆ మూతకు చిన్న చిల్లు. కాస్తో కూస్తో బయటికొచ్చేది అలాంటి చోటే. ఆవిరంటావా, పైన గాలికంటే కింద నీళ్ళు వెచ్చన. అందుకే ఆవిరి లేస్తుంది. అది చలి కాదు."

బొజ్జయ్య ఈపాటికే కన్నం పూడ్చేస్తాడేమో అనుకుంది ఎందుకమ్మ. గబగబా చేపలు తిని, బొర్లా పడి మంచు మీద జారుకుంటూ ఇంటిదారి పట్టింది.

వచ్చి చూస్తే కన్నం లేదు. దాని మీద మంచు కుప్ప ఉంది. కుప్ప పక్కన బొజ్జయ్య చలికి ముడుచుకుని కూర్చున్నాడు. చలి రవ్వంత కూడా తగ్గలేదు. చిట్టు తల్లి నోట్లో ముక్కు పెట్టి వెతికింది. ఒక్క ముద్దే దొరికింది. ఇంకా కావాలని ఏడ్చింది.

అంతలో కాళ్ళ కింద దబదబమని చప్పుడు.

"అది పళ్ళత్త. ఊపిరాడక కొట్టుకుంటోంది. పొడవండి" అని అరిచింది ఎందుకమ్మ. ఈసారి ఎవరూ ఎందుకని అడగలేదు. అందరూ ముక్కులతో మంచు పొడిచారు. చివరికి కన్నం తెరుచుకుంది. పళ్ళత్త తల పైకెత్తి, రొప్పుతూ ఊపిరి పీల్చుకుంది.

బొజ్జయ్య తల దించుకుని, "తప్పయిపోయింది అత్తా. చలి ఇందులోంచే వస్తోందనుకున్నాను" అన్నాడు.

ఎందుకమ్మకు కన్నం లోపల వెండిలా మెరుస్తూ చేపలు కనిపించాయి. "అత్తా, నీ కన్నంలోంచి నేను దూకవచ్చా?" అని అడిగింది.

"అడిగినవాళ్ళు లేరు గానీ, నేనెప్పుడు కాదన్నాను?" అంది పళ్ళత్త.

ఆ రోజు చిట్టు మొదటిసారి కడుపునిండా తిని, తల్లి కాళ్ళ మీదే నిద్రపోయింది. ఆనాటి నుంచి కన్నం అంచులు పొడిచే పని బొజ్జయ్య తీసుకున్నాడు. పళ్ళత్త పళ్ళకు కాస్త విశ్రాంతి దొరికింది.

మరి దుప్పటి మాటేమిటంటారా? ఒక్క కన్నంతో లోకం వెచ్చబడదు పిల్లలూ. చిట్టు మనవల మనవలు కూడా పోయాక, ఎండ మళ్ళీ పెరిగి మంచు మూత పగిలింది. అడుగునీళ్ళు పైకొచ్చి, దాచుకున్నదాన్ని గాలికి ఇచ్చేశాయి. లోకం వెచ్చబడింది. తర్వాత మళ్ళీ చలి వచ్చింది, సముద్రం మళ్ళీ మింగింది. ఇప్పుడు మన బళ్ళూ ఫ్యాక్టరీలూ వదిలే పొగలు కూడా అదే మింగుతోంది. ఎంతవరకు మింగగలదో మనం కూడా వెళ్ళి అడగాలి.

నీతి: కారణం తెలుసుకోకుండా కనిపించిన కన్నమల్లా పూడిస్తే, ఆగిపోయేది చలి కాదు, ఎవరిదో ఊపిరి.