హోటలు ముందు పరదా

లతీఫ్ బాబా శిష్యుడు జిలానీకి రంజాన్ నెల వస్తే భక్తితో పాటు గర్వం కూడా కాస్త పెరిగేది. రాయచోటి ఎండల్లో ఒక్క రోజా, అంటే ఒక్కనాటి ఉపవాసం కూడా, తప్పేవాడు కాదు. ఆ సంగతి ఎవరైనా అడుగుతారేమోనని చూసేవాడు. అడగకపోతే తానే చెప్పేవాడు. బజారులో అతనిది సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు.

ఒక మధ్యాహ్నం అతను దర్గాలో బాబా దగ్గర కూర్చుని ఉండగా షమీమ్ అనే అమ్మాయి వరండాలోకి వచ్చి, తన ఫోను తీసి అతని ముందు పెట్టింది. ఆమెకు ఆరో నెలలో కడుపు పోయింది. భర్త కువైట్లో డ్రైవరు.

"కడుపుతో ఉన్నప్పుడు దీంట్లో ఉయ్యాలలు చూసినాను, పేర్లు వెతికినాను. బిడ్డ పోయిందని దీనికి తెలీదు అన్నా. ఏది తెరిచినా పసిపిల్లల బొమ్మలే. నిన్న 'మీ పాపకు తొలి గౌను' అని వచ్చింది. చూడలేక ఫోను ఆపేసి బియ్యం డబ్బాలో పెట్టేసినాను. ఆయనేమో నాకేమైందోనని పక్కింటోళ్ళకు ఫోన్లు చేస్తాండాడు."

ఆ ప్రకటనలు రాకుండా ఆపడం జిలానీకి చిటికెలో పని. అయినా ఫోను ముట్టుకోలేదు.

"ఇది నీకు పరీక్షమ్మా. ఓర్చుకోవాల. బొమ్మ కనపడితే కళ్ళు పక్కకు తిప్పుకో. విశ్వాసం గట్టిదైతే బొమ్మ ఏం చేస్తాది?"

షమీమ్ లేచిపోయే ఓపిక కూడా లేక గోడవైపు తిరిగి కూర్చుంది.

పక్కనే తస్బీ మాల తిప్పుకుంటున్న బాబా తల ఎత్తాడు.

"జిలానీ, ఎదురుగా హోటలు ముందర పచ్చ పరదా కట్టినారు చూడు. పోయి దాన్ని విప్పేసి రా."

రంజాన్ పగళ్ళలో హోటళ్ళ ముందు అలా గుడ్డ కడతారు. లోపల తినేవాళ్ళు తింటూనే ఉంటారు, బయట ఉపవాసం ఉన్నవాళ్ళ కంట పడకుండా.

గురువు మాట జిలానీ ఎన్నడూ కాదనలేదు. వెళ్ళి పరదా ముడి మీద చెయ్యి వేశాడు. లోపల మిరపకాయ బజ్జీలు వేగుతున్నాయి. పెదవులు ఎండిపోయిన ఒక ముసలాయన తోపుడుబండి తోసుకుంటూ ఆ ముందునుంచే పోతున్నాడు. జిలానీ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"నా వల్ల కాలేదు బాబా," అన్నాడు తిరిగొచ్చి. "రోజా ఉన్నోళ్ళు ఈ దోవనే పోతాంటారు, పాపం."

"వాళ్ళ విశ్వాసం గట్టిది కాదా?"

"గట్టిదే బాబా. అయినా..." అని ఆగిపోయాడు. అతని చూపు షమీమ్ మీద పడింది. చాలా సిగ్గేసింది.

"ఫోను ఇట్లియ్యి చెల్లీ," అన్నాడు.

తెర ఆమెకు కనపడకుండా తనవైపు తిప్పుకుని పనిలో కూర్చున్నాడు. అడ్డొచ్చే ప్రకటనలు ఆపాడు. ఆమె వెతికిన వాటి జాడలు తుడిచేశాడు. బిడ్డ ఎంత పెరిగిందో వారం వారం చెప్పే యాప్‌ను తీసేశాడు.

ఫోను చేతికి రాగానే షమీమ్ వరండా చివరకు పోయి కువైట్‌కు కలిపింది. కాసేపు ఏడుపు వినిపించింది. తర్వాత, "తెల్లారుజామున సహరీకి ఏం తిన్నావు?" అని మొగుణ్ణి అడగడం వినిపించింది.

జిలానీ గొంతు తగ్గించాడు. "ఎన్నాళ్ళు ఉంచాల బాబా ఈ ఏర్పాటు?"

"షమీమ్ కూడా ఒక రోజాలోనే ఉంది నాయనా. అది విడిచే పొద్దు ఎప్పుడో మనకు తెలీదు," అన్నాడు బాబా.