గింజలేని బొక్కలు

ఎవరైనా కోపంతో వస్తే సిద్ధరామప్ప స్వామి వెంటనే జవాబు చెప్పేవాడు కాదు. ముందు మజ్జిగ ఇప్పించేవాడు. ఆ రోజు శిష్యుడు వన్నూరప్ప మజ్జిగ కూడా ముట్టలేదు. ఇసుక సీమలో కొత్తగా పెట్టిన మఠానికి పెద్దగా వెళ్ళినవాడు, నెల తిరక్కుండానే వెనక్కి వచ్చేశాడు.

"మన ఊళ్ళో కళ్ళం ముగిస్తే ఇంటింటివాళ్ళూ మఠం గాదెలో గింజలు పోస్తారు స్వామీ. ఆడ నేను గాదె కట్టించినా పిడికెడు పోసినోడు లేడు. ఆ జనానికి భక్తి ఎందుకు లేదు? మీరు ఊ అంటే మఠం మూసేసి వస్తా" అన్నాడు.

స్వామి పాములేటి అనే కూలివాడి సంగతి ఎత్తుకున్నాడు.

పాములేటిది నల్లరేగడి సీమ. అక్కడ ఎలుకంటే గాదె ఉన్న సంసారి. ఒక్కో బొక్కకు ఒక్కో ఎలుక, దాని అడుగున అది దాచుకున్న జొన్న కంకులు. కరువొస్తే బీదాబిక్కీ గడ్డపార పట్టుకుని గట్లమీది బొక్కలు తవ్వి, ఆ గింజలతో గంజి కాచుకునేవాళ్ళు. వానలు లేని ఒక ఏడు, పాములేటి పెండ్లాం సుంకమ్మనూ చంటిబిడ్డనూ వెంటబెట్టుకుని కూలి వెతుక్కుంటూ బయల్దేరాడు. ఇసుక దిబ్బల నడుమ కడవ వట్టిపోయింది. సద్దిమూట అంతకుముందే ఖాళీ. బిడ్డ ఏడవడం కూడా మానేసింది.

అప్పుడు ఒక పొద చుట్టూ బొక్కలు కనిపించాయి. పాములేటికి ప్రాణం లేచొచ్చింది. ఎలుకున్న చోట గింజ ఉండదా అని తవ్వాడు. గింజ లేదు. పక్కది తవ్వాడు. అందులోనూ లేదు. బొక్కలన్నీ లోపల ఒకదాన్లోకి ఒకటి కలిసిపోయి ఉన్నాయే గాని, ఎక్కడా కొట్టన్నది లేదు. అడ్డమొచ్చిన గడ్డల ముక్కలను విసిరి పారేస్తూ, "ఈ సీమలో ఎలుకలు కూడా సోమరివే. రేపటికని ఇంత దాచుకోవు" అని తిట్టాడు.

"దాచుకోకుంటే ఇన్ని ఎట్ల బతుకుతాండాయి?" అంది సుంకమ్మ. "నువ్వు మనూరి ఎలుకను ఎతుకుతాండావు. ఈ ఊరి ఎలుకను చూడు."

అతను పారేసిన ముక్కను ఏరి చూసింది. అది మట్టిగడ్డ కాదు, వేరుగడ్డ. పంటిగాట్లు తడిగా ఉన్నాయి. పొదలో అల్లుకున్న తీగ ఒకటి లోపలికి వేరు దించి ఉంది. ఎలుకల గుంపంతా ఆ వేరునే పంచుకుని తింటోంది. దాని వెంబడే ఇంకా లోతుకు తవ్వితే, ఎలుక ముట్టని గడ్డ ఒకటి తలకాయంత దొరికింది. కోసి పిండితే నీళ్ళు కారాయి. సుంకమ్మ ముందు తాను తాగి, కాసేపు ఆగి, బిడ్డ నోట్లో పిండింది. కొంతసేపటికి బిడ్డ కెవ్వుమంది. ఆ ఏడుపు వింటూ పాములేటి ఇసుకలో చతికిలబడి, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు.

"బిడ్డ బతికింది గదా స్వామీ?" అన్నాడు వన్నూరప్ప.

"దానికేం, ఇప్పుడు మనవరాళ్ళకు సుద్దులు చెప్తాంది. అది సరే, ఆడున్నన్నాళ్ళూ నువ్వేం తిన్నావు?"

వన్నూరప్ప, "పూటకొక ఇంటివాళ్ళు పిలుచుకోని పోయిరి. వద్దన్నా ఇడిచిపెట్టలేదు" అన్నాడు. ఆ మాట తన చెవిన తనకే పడ్డాక, ఇన్నాళ్ళూ బిగబట్టిన ఊపిరి వదిలి తలవంచుకుని నవ్వుకున్నాడు.

స్వామి లేస్తూ అన్నాడు: "పొద్దున్నే మళ్ళీ ఆ మఠానికి బయల్దేరు. ఆ గాదె తాళంచెవి మాత్రం నాకిచ్చి పో."