గంటయ్య తన కోసం వేసిన కేక

ఇప్పలకోన అనే అడవిలో దుప్పులు, కుందేళ్లు, నెమళ్లు, ముళ్లపందులు, ఎలుగుబంట్లు కాపురం ఉండేవి. పేరుకు తగ్గట్టు అక్కడ ఇప్పచెట్లు ఎక్కువ. వేసవి మొదట్లో పూలు రాలితే కోనంతా తియ్యటి వాసన వేసేది. ఒక పెద్దపులి కూడా ఉండేది. పులి లేకపోతే అది అడవి ఎలా అవుతుంది, తోట అవుతుంది గాని!

ఆ కోనకు కాపలాదారు ఒక కొండముచ్చు. పేరు గంటయ్య. నల్లని మొహం, బారెడు తోక. కోన నడుమ ఉన్న మద్దిచెట్టు చిటారుకొమ్మన కూర్చుని నాలుగు దిక్కులా చూసేవాడు. పొదల్లో పులి చార కనబడితే చాలు, "ఖక్! ఖక్!" అని అరిచేవాడు. ఆ అరుపు గంట కొట్టినట్టు ఖంగుమనేది. అందుకే ఆ పేరు వచ్చింది.

ఆ కేక వినగానే కింద మేస్తున్న దుప్పులు తోకలెత్తి ఒక్క ఉదుటున పారిపోయేవి. "గంటయ్యన్న చెట్టు మీద ఉంటే మనం నిశ్చింతగా మేయొచ్చు" అనుకునేవి.

పొగడ్త ఎవరికైనా తీపే. గంటయ్యకు మరీ తీపి. "నేను పదిమందికి సాయం చేసేవాణ్నే గాని, ఒకరి సాయం అడిగేవాణ్ని కాను" అని లేని మీసం మెలేసేవాడు.

అడవి అంచున ఒక బండ్లబాట ఉంది. ఒక వేసవిలో తునికాకు కోసే మనుషులు అక్కడ మకాం వేశారు. పొద్దున్నే చుట్టలు కాల్చి, పీకలు పారేసి పనికి పోయేవారు. ఒకనాడు నక్క ఆ పీకల్లో ఇంకా నిప్పు ఆరని దాన్ని ఏరుకొచ్చి మద్దిచెట్టు కింద నిలబడింది.

"గంటయ్య బావా, పొద్దస్తమానం ఒక్కడివే కూర్చుంటావు. ఏం తోస్తుంది, పాపం! ఒక్క దమ్ము లాగి చూడు. హుషారొస్తుంది."

"మరి నువ్వు తాగవా?"

"నాకు పడదు బావా" అంది నక్క ఎంతో వినయంగా.

తనకు పడనిదాన్ని ఎదుటివాడి చేతిలో పెట్టేవాడిని ఏమనుకోవాలి? గంటయ్యకు ఆ ఆలోచనే రాలేదు. ఒక్క దమ్ము లాగాడు. కళ్లు మండాయి, తల తిరిగింది, దగ్గొచ్చింది. "అబ్బే, ఇదేం రుచి!" అని పారేశాడు. కానీ మర్నాడు నక్క మళ్లీ తెచ్చింది. కాదనలేదు.

ఒక్కటే కదా అనుకున్నది రోజుకొకటి అయింది. రోజుకొకటి కాస్తా పూటకొకటి అయింది. తునికాకు వాళ్లు వెళ్లిపోయినా బాట మీద బండ్లవాళ్లు ఆగుతూనే ఉండేవారు. ఇక నక్క తెచ్చిపెట్టే పని కూడా లేకుండా పోయింది. గంటయ్యే చెట్టు దిగి, పీకల కోసం బాటకు పోవడం మొదలుపెట్టాడు.

వానాకాలం వచ్చేసరికి గంటయ్యకు దగ్గు పట్టుకుంది. అదేం దగ్గో గాని, అచ్చం "ఖక్ ఖక్" అనే వచ్చేది.

మొదట్లో ఆ దగ్గు వినగానే దుప్పులు తోకలెత్తి పరుగు తీశాయి. "పులి కాదు, దగ్గు" అని గంటయ్య పైనుంచి సిగ్గుపడుతూ చెప్పాడు. మరుసటి పూటా అంతే. ఆ మరుసటి రోజూ అంతే. పాపం, దుప్పులు మాత్రం ఎన్నిసార్లని పరుగెడతాయి? కొన్నాళ్లకు "దగ్గేలే" అని తలెత్తడం కూడా మానేశాయి.

ఒక మధ్యాహ్నం నిజంగానే పులి వచ్చింది. గంటయ్య చూశాడు. గుండెల నిండా గాలి పీల్చి అరవబోయాడు. సగం గాలే అందింది. కేక బొంగురుపోయి, దగ్గులో కలిసిపోయింది. దుప్పులు తాపీగా మేస్తూనే ఉన్నాయి.

పొద కదలడం ఆఖరి క్షణంలో పూలమ్మ అనే దుప్పి చూసింది. బిడ్డను తోసుకుంటూ దూకింది. ఇద్దరూ ప్రాణాలతో బయటపడ్డారు గాని, పులి పంజా బిడ్డ చుక్కి వెనకకాలికి తగిలింది. గాయం మానింది. కుంటు మిగిలింది.

గంటయ్యను ఎవరూ ఒక్క మాట అనలేదు. తిడితే బాగుండేది అనిపించింది గంటయ్యకు. చుక్కి కుంటుతూ నడవడం పైనుంచి చూడలేక మొహం తిప్పుకునేవాడు. "రేపటి నుంచి చుట్టపీక మొహం చూడను" అని ఒట్టు పెట్టుకున్నాడు. ఆ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. చెబితే పరువు పోదూ?

ఒంటరి ఒట్టు ఎంతసేపు నిలుస్తుంది? పొద్దున్న బాగానే గడిచింది. మధ్యాహ్నానికి చేతులు లాగేశాయి. ఊరికే పిట్టల మీద చిరాకుపడి పుల్లలు విసిరాడు. సాయంత్రానికి కాళ్లు వాటంతటవే బాట వైపు నడిచాయి. మర్నాడు మళ్లీ ఒట్టు, మళ్లీ బాట. "అలవాటైన ప్రాణం బావా, ఊరికే ఎందుకు కష్టపెట్టుకుంటావు?" అని నక్క జాలి చూపించింది.

ఒక తెల్లవారుజామున గంటయ్య బాట దగ్గర వంగి పీక ఏరుకుంటున్నాడు. తలెత్తి చూస్తే ఎదురుగా పూలమ్మ. పక్కన పుట్ట తవ్వుకుంటూ ముసలి ఎలుగుబంటి మాలచ్చవ్వ. గంటయ్య పీకను గబుక్కున వెనక దాచాడు. ఏం లాభం? పొగ వీపు వెనక నుంచి పైకి లేస్తూనే ఉంది.

"అన్నా" అంది పూలమ్మ మెల్లగా, "పులి మా మీదికి వస్తే మాకోసం అరుస్తావు. ఈ పొగ నీ మీదికి వచ్చినప్పుడు నీకోసం ఎందుకు అరవవు?"

గంటయ్య తల దించుకున్నాడు. "నీ బిడ్డ కాలు నా వల్లే పోయింది పూలమ్మా. నేనరిస్తే నువ్వు మాత్రం ఎలా వస్తావు?" అన్నాడు.

"కోపం రాలేదని అబద్ధం చెప్పను. చాలా వచ్చింది. కానీ చిన్నప్పుడు నీ కేక వినే నేను బతికాను. అది ఎలా మరిచిపోతాను? నువ్వు పిలువు. నేను వస్తాను."

మాలచ్చవ్వ మూతికంటిన మట్టి దులుపుకుంది. "ఒరే గంటయ్యా, పులి వస్తే ఖక్ అను. పొగ మీదికి మనసు పోతే మీ జాతి కూత ఉందిగా, ఊహూ అని, అది కూయి. ఎవరు దగ్గరుంటే వాళ్లొస్తారు. గొంతు బాగయ్యేదాకా కాపలా నెమళ్లు చూసుకుంటాయి, నేను చెబుతాను. సరేనా?"

గంటయ్య తలూపాడు. పీకను నేలకేసి నలిపాడు.

చెప్పినంత తేలిక కాదు పిలవడం. ఆ మధ్యాహ్నమే కోరిక పుట్టింది. గంటయ్య తోకను కొమ్మకు బిగించి చుట్టుకుని కూర్చున్నాడు. ఎప్పుడూ ఒకరిని పిలిచిన నోరు కాదాయె, తెరుచుకోనంది. ఆఖరికి ఎవరికీ వినిపించకూడదన్నంత చిన్నగా "ఊహూ" అన్నాడు.

మాలచ్చవ్వకు వినిపించింది. రొప్పుకుంటూ వచ్చి, చెట్టెక్కి, గంటయ్య పక్కనే చతికిలబడింది. కొమ్మ కిర్రుమంది.

"అవ్వా! కొమ్మ విరుగుతుంది!"

"విరిగితే ఇద్దరం పడదాం. ఇదిగో, ఈ ఉసిరికాయ నములు. పైన ఇన్ని నీళ్లు తాగుదువు గాని, తియ్యగా ఉంటుంది."

కొమ్మ ఎప్పుడు విరుగుతుందో అన్న భయంలో గంటయ్య పొగ సంగతే మరిచిపోయాడు. కాసేపటికి చూసుకుంటే కోరిక పోయింది.

ఆనాటి నుంచి కోనంతా ఆ కూతకు చెవి ఒగ్గి ఉండేది. పూలమ్మ వచ్చి చెట్టు కింద నిలబడి చుక్కి అల్లరి కబుర్లు చెప్పేది. కుందేళ్లు వచ్చి ఊరికే పోట్లాడుకుని నవ్వించేవి. ముళ్లపంది వస్తే మాత్రం గంటయ్య కాస్త ఎడంగా కూర్చునేవాడు. ఎవరూ "ఇంకా మానలేదా?" అని అడగలేదు. పొగ లేకుండా సాయంత్రమైతే, "ఈ పూట గెలిచావు" అని చెప్పి వెళ్లేవారు.

చలికాలంలో ఒక మంచు కమ్మిన పొద్దున నక్క మళ్లీ పీకతో వచ్చింది. "వాళ్లంతా ఎందుకొస్తున్నారనుకున్నావు బావా? నిన్ను చూసి నవ్వుకోవడానికి."

ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. గంటయ్య కూయలేదు. పీక అందుకున్నాడు.

తాగాక సిగ్గేసింది. ఒక రాతిసందులో దూరి, రోజంతా బయటికి రాలేదు. కూత వినపడకపోయేసరికి మాలచ్చవ్వకు అనుమానం వచ్చింది. పూలమ్మను వెంటబెట్టుకుని వెతుక్కుంటూ వచ్చింది.

"వెళ్లిపోండి. నేను పనికిరానివాణ్ని. ఇన్నాళ్ల మీ కష్టం బూడిదలో పోసిన పన్నీరైంది" అన్నాడు లోపలి నుంచి.

"చెట్టెక్కుతూ ఎప్పుడైనా కాలు జారావా?" అని అడిగింది మాలచ్చవ్వ.

"జారాను."

"జారితే ఏం చేశావు? దిగిపోయి నేల మీదే ఉండిపోయావా?"

"లేదు. అందిన కొమ్మ పట్టుకుని, అక్కడి నుంచే ఎక్కాను."

"మరి ఇప్పుడు ఈ సందులో కూర్చున్నావేం? మేము కొమ్మలమే కదరా. పట్టుకో."

గంటయ్య బయటికి వచ్చాడు. అవ్వ భుజం మీద తల పెట్టి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ తర్వాత ఎప్పుడూ చుట్టపీక ముట్టలేదు. ముట్టాలనిపించినప్పుడల్లా కూశాడు. కూసినప్పుడల్లా ఎవరో ఒకరు వచ్చారు.

వేసవి మొదలైంది. ఇప్పపూలు రాలాయి. దుప్పులన్నీ, కాపలా నెమళ్లు కూడా, చెట్ల కింద చేరి ఆ తీపిలో ఒళ్లు మరిచాయి. నక్క పులి దగ్గరికి పరుగెత్తింది. అది ఇన్నాళ్లూ ఎదురుచూసింది ఈ రోజు కోసమే.

"దొరా, కాపలావాడి గొంతు నేనే పోగొట్టాను. ఇక అరవలేడు. తమరు తిన్నాక నాకు నాలుగు ఎముకలు పడేస్తే చాలు" అంది.

పులి పొట్ట నేలకు ఆనించి పాక్కుంటూ వచ్చింది. మద్దిచెట్టు మీద నుంచి గంటయ్య చూశాడు. పులికి ఎదురుగా, అందరికన్నా దగ్గరలో, చుక్కి ఉంది. గంటయ్య కొమ్మ మీద లేచి నిలబడ్డాడు. గొంతు పలుకుతుందా? పలకకపోతే?

నోరు తెరిచాడు. గాలి గుండెల నిండా, అడ్డం లేకుండా దిగింది.

"ఖక్! ఖక్! ఖక్!"

కోన ఖంగుమంది. ఎదురుకొండ ఆ కేకను తిరిగి పలికింది. దుప్పులు తోకలెత్తి లేచాయి. చుక్కి కుంటుకాలితోనే వాగు దూకి అవతల పడింది. పులి దూకిన చోట ఇప్పపూలు తప్ప ఏమీ లేవు.

పులి వెనక్కి తిరిగింది. "గొంతు పోయిందన్నావే?" అని నక్కకు ఒక్కటిచ్చింది. సగం తోక అక్కడే వదిలేసి నక్క ఆ కోన దాటి పోయింది. మళ్లీ అటు రాలేదు.

అందరూ మద్దిచెట్టు కింద చేరారు. "గంటయ్యన్నా, నువ్వే కాపాడావు!" అన్నారు. వెనకటి గంటయ్య అయితే మీసం మెలేసేవాడే. ఈ గంటయ్య చెట్టు దిగి చుక్కి ముందు మోకరిల్లాడు.

"నేను పోగొట్టుకున్న గొంతు ఇది. మీరంతా కలిసి తిరిగి ఇచ్చారు. మీ మేలు ఈ జన్మకు మరిచిపోను" అన్నాడు. చుక్కి దగ్గరికొచ్చి ఆ నల్లని మొహాన్ని ఒకసారి నాకింది.

కొన్నాళ్లకు ఒక ఉదయం మద్దిచెట్టు మీద నుంచి "ఊహూ... ఊహూ" అని కూత వినిపించింది. చాలాకాలానికి వినిపించిందేమో, అందరూ కంగారుగా ఉరికొచ్చారు. మాలచ్చవ్వ ఎండు ఉసిరి ముక్కలు పట్టుకుని, అందరికన్నా ఆఖరున రొప్పుతూ వచ్చింది.

"ఏమైందిరా? మళ్లీ మనసు అటు పోయిందా?"

"లేదవ్వా."

"మరెందుకు పిలిచావు?"

"ఊరికే" అన్నాడు గంటయ్య. "పిలిస్తే వచ్చేవాళ్లు ఇంతమంది ఉన్నారు కదా. ఒక్కసారి అందరినీ కళ్లారా చూసుకోవాలనిపించింది."

"నా మోకాళ్లు అరిగిపోయాయి కదరా!" అని మాలచ్చవ్వ కసురుకుంది. కసురుకుంటూనే అక్కడే కూర్చుని, ఉసిరి ముక్కలు అందరికీ పంచిపెట్టింది.

నీతి: చెడు అలవాటును దాచుకుని ఒంటరిగా పోరాడేవాడు అలసిపోతాడు, సిగ్గు విడిచి సాయం అడిగినవాడు గెలుస్తాడు. అడిగినవాణ్ని వెక్కిరించకుండా, జారినప్పుడు చెయ్యి వదలకుండా నిలిచినవాళ్లే నిజమైన ఆప్తులు.